హంతకుడైన బాలుడు : నవలనుండి తెరకు

కథలో బాలుడొకడు మనిషిని చంపినపుడు ఆ హత్యాభారము నెవరు మోయుదురు? ఈ ప్రశ్న నీతిశాస్త్రమునకు మాత్రమే చెందినది కాదు, కథానిర్మాణమునకును చెందినది. రచయిత ఆ భారమును బాలునిమీదనే యుంచవచ్చును. దైవముమీదికి నెట్టవచ్చును. తండ్రిమీదికో, కాలముమీదికో మార్చవచ్చును. ఏ మార్గము నవలంబించినను కథయొక్క నడక దానినిబట్టి మారును. 2021 జులైలో వెలువడిన 'నారప్ప' అను తెలుగు చిత్రమును ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ చిత్రమునకు శ్రీకాంత్ అడ్డాల దర్శకుడు. వెంకటేశ్ నారప్పగాను, ప్రియమణి అతని భార్య సుందరమ్మగాను, కార్తీక్ రత్నం పెద్దకొడుకు మునికన్నగాను నటించిరి. ఇది స్వతంత్రకథ కాదు. వెట్రిమారన్ 2019లో తమిళమున తీసిన 'అసురన్' చిత్రమున కిది పునర్నిర్మాణము. 'అసురన్' పూమణి 1982లో ప్రకటించిన 'వెక్కై' అను చిన్న నవలకు రూపాంతరము. పూమణి కోవిల్‌పట్టి పరిసరములందలి నల్లరేగడి సీమకు చెందిన రచయిత. 'అజ్ఞాడి' అను బృహన్నవలకు 2014లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. 'వెక్కై' అనగా వేడిమి, ఉక్క. తెలుగున 'వెట్ట' యనవచ్చును. జనగామవారికి ఆ మాట చెవినబడగానే 'వెట్టి' స్ఫురించును. అర్థములు వేరైనను ఆ స్ఫురణ ఈ కథకు అంత దూరమైనది కాదు. కాబట్టి మన యెదుట నున్నది ఒకే కథయొక్క మూడు రూపములు: నవల యొకటి, చిత్రములు రెండు. రూపము మారిన ప్రతిసారియు హత్యాభారము కొంత స్థానము మారినది. ఆ మార్పును గమనించుటయే విమర్శకుని పని.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి వచ్చు పరిశోధక విద్యార్థుల కీ కథను గూర్చి చెప్పునపుడెల్ల ఒక చర్చ పుట్టుచుండును. అనంతపురపు యాసలో సాగు సంభాషణలు వారికి కొంత క్రొత్త. చెప్పుల ప్రసక్తి మాత్రము క్రొత్త కాదు. గడీముందు నడచునపుడు చెప్పులు విడిచి చేతబట్టుకొనవలసిన కాలమును గూర్చి వారి యిండ్లలోని వృద్ధులు ఇప్పటికిని చెప్పుచుందురు. అందుచేత చర్చ శీఘ్రముగా చిత్రమును దాటిపోవును. ఆ బాలుడు చేసినది న్యాయమా, కాదా అను వాదముగా మారును. కొందరు న్యాయమే యందురు; కొందరు మౌనము వహింతురు. ఈ మౌనము నన్ను ఆలోచింపజేసినది. హత్యలను పాటలలో స్మరించుకొనుచు పెరిగిన ప్రాంతమున, ఆ ప్రశ్నకు సమాధానము పుస్తకములో వెదకునంత తేలికగా దొరకదు.

మొదట కథాంశమును సంగ్రహముగా చెప్పవలయును. నారప్ప పేదరైతు. అతనికి మూడెకరముల పొలము కలదు. ఆ పొలమునే కోరిన భూస్వామి పండుసామి. విద్యుత్తు ప్రవహించు కంచె, చచ్చిన కుక్క, నీటికై తగవు — ఇట్లు చిన్నచిన్న సంగతులతో విరోధము ముదురును. పెద్దకొడుకు మునికన్న ఆవేశపరుడు. పండుసామిని చెప్పుతో కొట్టును. కొడుకును విడిపించుకొనుటకై తండ్రి ఊరిలోని ప్రతియొక్కరి పాదములకు మ్రొక్కును. అంత మ్రొక్కినను కొడుకు దక్కలేదు. మునికన్నను చంపి, తల లేని మొండెమును కుక్కలపాలు చేసిరి. పిదప చిన్నకొడుకు, ఇంకను మీసము రాని బాలుడు, పండుసామిని చంపును. తండ్రియు కొడుకును ఒక దారిని, తల్లియు చెల్లెలును మేనమామతో వేరొక దారిని పారిపోవుదురు. అడవిలో తండ్రి తన పూర్వకథను కొడుకునకు చెప్పును. చివర హత్యానేరమును తండ్రి తనమీద వేసికొని న్యాయస్థానమునకు పోవును.

మన ప్రాచీన సాహిత్యమున బాలుడు చేసిన హత్య లేకపోలేదు. కాని ప్రతిచోటను దాని కొక ఆచ్ఛాదన కలదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరుతోనే ప్రసిద్ధుడైన సోమనాథుడు స్తుతించిన పురాతనులలో చండేశు డొకడు. ఆవులను మేపు బాలుడు ఇసుకతో లింగమును చేసి పాలతో అభిషేకించుచుండెను. తండ్రి వచ్చి ఆ పాలకుండను కాలదన్నెను. బాలుడు తండ్రి కాళ్లు నరికెను. లోకదృష్టి కది ఘోరము. శైవకవుల దృష్టికి మాత్రము అది భక్తికి పరాకాష్ఠ. శివుడు ప్రత్యక్షమై ఆ బాలునకు తండ్రి తానేయని చెప్పి, తన గణములలో స్థాన మిచ్చెను. ఇక్కడ హత్యాభారము దైవముమీద నున్నది. బాలుని చేతిలోని గొడ్డలి శివునిదే.

పాలకుర్తికి సమీపముననే యున్న బమ్మెర పోతన విషయమును పరిశీలింతము. దశమస్కంధమున కృష్ణుడు కంసుని చంపునాటికి ఇంకను బాలుడే. అది అవతారకార్యము గనుక శంకకు తావు లేదు. అయినను భాగవతమున ఆ సంహారమునకు పిమ్మట వచ్చు రెండు ఘట్టములు మనకు ముఖ్యములు. కంసుని భార్యలు శవముమీద బడి విలపింతురు. కవి ఆ విలాపమును వినిపించును. అనగా చచ్చినవాడు దుర్మార్గుడైనను అతని యింట ఏడ్చువా రుందురని కవి మరువలేదు. రెండవది, హత్యానంతరము రామకృష్ణులు ఉపనీతులై సాందీపని యొద్దకు చదువునకై పోవుదురు. సంహారము, దాని వెంట విద్య. 'నారప్ప' చివరి ఘట్టమును చూచినవారి కీ క్రమము వింతగా తోచకమానదు. దీనిని మరల ప్రస్తావింతును.

పల్నాటి వీరచరిత్రమున బాలచంద్రుడు మూడవ పద్ధతికి ఉదాహరణము. బొంగరమాటలో తగిలిన దెబ్బ మూలమున యుద్ధవార్త అతనికి తెలియును. తల్లి ఐతమ్మను, భార్య మాంచాలను చూచి కారెంపూడి రణమునకు పోవును. ఆట వస్తువు చేతబట్టుకొన్న పిల్లవాడు కత్తి పట్టుట ఆ కావ్యమునకు ప్రాణము. కాని యుద్ధమున చంపుట హత్య కాదు. వీరధర్మము అతనిని కాపాడును. ఇట్లు భక్తి, అవతారము, రణము అను మూడు కవచములు మన బాలవీరులకు కలవు. ఈ మూడును లేని బాలుడు, ఊరిలో పొలముగట్టువద్ద కత్తి ఎత్తిన బాలుడు, మన కావ్యములలో నాకు కనబడలేదు. అతడు ఆధునికసాహిత్యమున బుట్టినవాడు.

పూమణి నవలయందలి చిదంబరం అట్టివాడు. అతనికి పదునైదేండ్లు. నవల హత్యతోనే ఆరంభమగును. ఆరంభముననే రచయిత ఒక సూక్ష్మమును ప్రవేశపెట్టెను: బాలుడు శత్రువును చంపదలపలేదు; చేయి నరుకవలెనని మాత్రమే అనుకొనెను. చేయి నరుకబోయిన కత్తి ప్రాణము తీసెను. సంకల్పమునకును క్రియకును నడుమ నేర్పడిన ఆ జానెడు దూరముననే నవల యంతయు నడచును. పిమ్మట ఎనిమిది దినములు తండ్రికొడుకులు పొదలలోను, గుట్టలలోను, ఎండిన వాగులలోను తలదాచుకొందురు. ఏమి తినవలెను, ఎచట నిద్రింపవలెను, ఏ చప్పుడునకు భయపడవలెను, ఇవియే నవలలోని సంఘటనలు. బాలుడు అప్పుడప్పుడు మరచిపోయి ఆడుకొనును. మరల జ్ఞప్తికి దెచ్చుకొనును. తండ్రి దండింపడు, పొగడడు. చివర ఇరువురును న్యాయస్థానమునకు లొంగిపోవుటకై బయలుదేరుదురు. తీర్పు ఏమైనదో నవల చెప్పదు.

ఈ నవలలో కులముల పేర్లు లేవు. దీనిని గూర్చి తమిళ విమర్శకులలో చాల చర్చ జరిగినది. పేర్లు లేకపోయినను చదువరికి సర్వము తెలియును. రచయిత మౌనమునకు కారణము, నా అభిప్రాయమున, బాలుని దృష్టి. ఆ యీడు పిల్లవాడు అన్నను చంపినవాని నెఱుగును. చెమటయు, రక్తమును, ఆకలియు నెఱుగును. సిద్ధాంతమునకు ఆ వయసున చోటు తక్కువ. పూమణి తన పాత్ర యెఱిగినంతయే చెప్పెను. ఇది సంయమము, పిరికితనము కాదు.

'అసురన్'తో కథాకేంద్రము మారినది. నవలకు పేరు వాతావరణమునుండి వచ్చినది. చిత్రమునకు పేరు తండ్రినుండి వచ్చినది. తెలుగులో ఇది మరింత స్పష్టము: చిత్రము పేరే 'నారప్ప'. తారానటుడు తండ్రి పాత్రను ధరించుటచేత కథ తండ్రిదైనదనుట సత్యమేగాని, అది సగము సత్యము. నిర్మాణమునందే కారణ మున్నది. నవలలో తండ్రి పూర్వచరిత్ర అక్కడక్కడ మాటలలో తొంగిచూచును. చిత్రములో అది ఉత్తరార్ధము నాక్రమించిన కథగా ఎదిగినది. యువకుడైన నారప్ప, సారాబట్టీ యజమాని కొలువు, చెప్పులు తొడిగినందుకు అవమానింపబడిన మేనకోడలు, కాలిన గుడిసెలు, అటుపిమ్మట అతడు చేసిన సంహారము. 'అసురన్'లోని గుడిసెల దహనమును చూచినవారికి 1968 డిసెంబరులో తంజావూరు జిల్లా కీళ్వెణ్మణియందు కూలీల కుటుంబములు గుడిసెలోనే దగ్ధమైన ఉదంతము జ్ఞప్తికి రాకమానదు. తెలుగు చిత్రము ఆ దహనమునే అనంతపురమునకు తరలించినది. తరలించునపుడు కులము పేరెత్తుటకు తమిళ చిత్రముకంటెను వెనుదీసినది. పూమణి మౌనమును ఈ మౌనమును ఒక్కటి కావు. అది బాలుని కంటితో చూచుటవలన గలిగినది. ఇది చూచువారిని నొప్పింపరాదను శంకవలన గలిగినది. తండ్రి దృష్టితో కథ చెప్పదలచినపుడు తండ్రి యెఱిగినదంతయు చెప్పవలసియుండెను.

తండ్రికథ ఇట్లు పెరిగినపుడు కొడుకు చేసిన హత్య ఏమగును? అది తండ్రి చేసిన పూర్వహత్యలకు ప్రతిధ్వని యగును. ప్రేక్షకుడు మొదటి భాగమున బాలునిజూచి వెరచును. రెండవ భాగమున తండ్రినిజూచి ఈలవేయును. ఇండ్లలోనే కూర్చుండి చూచిన చిత్రమైనను (మహమ్మారి కాలమగుటచే ఇది సినిమాహాలులో గాక నేరుగా అమెజాన్ ప్రైమునందు వెలువడినది), ఈలకు సిద్ధమైన రచన అందున్నది. కత్తి తండ్రిచేతికి వచ్చినప్పుడు సంగీతము లేచును. అదే కత్తి కొడుకుచేత నున్నప్పుడు ఉన్న గజగజ అక్కడ లేదు. ఒకే చిత్రమున హత్య రెండు విలువలను పొందినది. దర్శకుడు దీనిని గమనింపలేదనజాలను. గమనించియు వదలినాడనుటయే న్యాయము.

ఇట్లన్నందున చిత్రమున గుణము లేదని కాదు. తండ్రి ఊరిలో ఇంటింటికి పోయి, వృద్ధులు, పిల్లలు అను భేదము లేక అందరి కాళ్లకు మ్రొక్కు ఘట్టము తెలుగుతెరమీద వచ్చిన గొప్ప ఘట్టములలో నొకటి. తారానటుని దేహము నేలను తాకుటకు మన ప్రేక్షకు లలవాటుపడలేదు. కథానాయకుడు ఒకసారి మ్రొక్కిన యెడల తరువాతి క్షణమున తిరుగబడునని మనము ఎదురుచూతుము. ఇతడు తిరుగబడడు. మరల మరల వంగును. 'బాంచను దొరా, కాల్మొక్త' అను మాటను తాతలనుండి విన్న జనగామ విద్యార్థికి ఈ ఘట్టమున వ్యాఖ్యాన మక్కరలేదు. ఈ వంగుటను చిన్నకొడుకు చూచుచుండును. తండ్రి పిరికివాడని అతడు తలచుట కిదియే మూలము. హత్యకు బీజము అన్నచావులో ఎంత యున్నదో, తండ్రి వంగిన వీపులోను అంత యున్నది. చిత్రములోని బాలుని మనస్సును గూర్చి మనకు తెలియు ముఖ్యాంశ మిదియే. దీనిని నవలకంటె చిత్రమే బాగుగా చూపినదని నా అభిప్రాయము.

ఈ సందర్భమున మన ప్రాంతపు చరిత్రను ఒకసారి తలపవలయును. తెలంగాణ సాయుధపోరాటమున జనగామ తాలూకా ప్రధానరంగము. విసునూరు దేశముఖు పాలనలో పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను దక్కించుకొన్నది. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దేశముఖు మనుషుల తూటాకు బలియయ్యెను. ఆ చరిత్రలో మన పాటలు, నాటకములు ఎన్నుకొన్న నాయకు డెవడని చూడుడు. చంపబడినవాడే నాయకుడు. చంపినవాడు కాదు. కొమరయ్య పేరు చిన్నపిల్లలును చెప్పుదురు.

అయితే చంపినట్లు నేరము మోపబడిన బాలుడొకడు ఆ చరిత్రయందే యున్నాడు. పోలీసు చర్య పిదప ప్రత్యేక న్యాయస్థానములు 1949లో పలువురు తెలంగాణ రైతుకార్యకర్తలకు హత్యానేరములమీద మరణశిక్ష విధించినవి. అట్లు శిక్ష పొందిన పన్నిద్దరిలో జనగామ ప్రాంతపు నాయకుడు నల్లా నరసింహులును, బాలుడనదగిన వయసులోనే యున్న ఎర్రబోతు రాంరెడ్డియు గలరు. వీరి ప్రాణముల కొరకై దేశమునను విదేశములందును ఆందోళన జరిగెను. ఆంగ్ల న్యాయవాది డి. ఎన్. ప్రిట్ వారి పక్షమున వచ్చెను. వ్యాజ్యము సుప్రీంకోర్టుదాక పోయి 1951లో అక్కడ విఫలమయ్యెను. తుదకు శిక్షలు యావజ్జీవ కారాగారముగా మార్చబడినవి. ఉరికంబము నీడలో నిలిచిన ఆ బాలుని గూర్చి తెలుగులో ఒక నాటకమో, నవలయో, చిత్రమో ప్రసిద్ధికి రాలేదు. ఎందుచేత?

ఈ ప్రశ్నకు సమాధానము కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' చరిత్రలో కొంత దొరకును. ఆ నవలలో నాయకుడు రాఘవరావు. ఇరువదిరెండేండ్ల తెలంగాణ యువకుడు. ఉరితీయబడుటకు ముందు రాత్రి జైలుగదిలో అతడు తన జీవితమును స్మరించుకొనుటయే కథ. అనగా నవలానాయకుడు న్యాయస్థానము దృష్టిలో హంతకుడు. ఆ నవల ఆధారముగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన 'మా భూమి' 1980లో విడుదలైనది. చిత్రములో నాయకుడు రామయ్య. అతడు ఊరిలో అవమానము భరింపలేక పట్నము చేరి, రిక్షా లాగి, కార్మికులతో కలిసి, సంఘమును తెలిసికొని తిరిగివచ్చును. చివర సైన్యపు తూటాలకు నేలకొరగును. ఉరికంబమెక్కవలసినవాడు రణమున వ్రాలినాడు. ఇది ఇతివృత్తమున చిన్న మార్పుగా తోచవచ్చును. విమర్శదృష్టికి చిన్నది కాదు. హంతకుడని తీర్పు పొందినవాడు అమరుడుగా మారుటతో కథకు గల ఒక చిక్కు తొలగిపోయినది. చంపుటయందలి బరువు అడుగంటినది. చచ్చుటయందలి కాంతి మిగిలినది. 'మా భూమి'ని గొప్ప చిత్రముగా గౌరవించుచునే ఈ మాట చెప్పుచున్నాను. 'నారప్ప'లో తండ్రి కొడుకు నేరమును తనమీద వేసికొనుటయు ఇట్టి తొలగింపే. ఒకచోట చరిత్ర యువకుని చేతిని కడిగినది. వేరొకచోట తండ్రి కడిగెను.

తెలంగాణ నేపథ్యముగా శ్యామ్ బెనెగల్ తీసిన రెండు హిందీ చిత్రములను ఇక్కడ తలచుట అవసరము. 'అంకుర్' (1974) చివర ఒక చిన్నపిల్లవాడు భూస్వామి కిటికీమీద రాయి విసరి పారిపోవును. పిల్లవానిచేత రాయినుంచి, కత్తిని ఉంచక, దర్శకుడు ఆగెను. ఆ ఆగుటలో తెలివి యున్నది. 'నిశాంత్' (1975)లో ఊరంతయు ఒక్కటై దొర కుటుంబమును చంపును. అక్కడ కర్త సమూహము. అపరాధమునకు పేరు లేదు. ఆ సమూహమే తాను రక్షింపబూనిన స్త్రీనిగూడ చంపును. ఈ ఒక్క అంశమువలన 'నిశాంత్' తరువాతి చిత్రములకంటె నిజాయితీగలదని చెప్పవలయును. ఇటీవలి 'విరాటపర్వం' (2022)లో వేణు ఊడుగుల మరొక దిక్కునుండి వచ్చెను. 1992లో అనుమానముతో దళమువారే చంపిన యువతి ఉదంతము దానికి మూలము. అందు యవ్వనము చంపబడునదే; చంపునది పార్టీ. భూపాలపల్లి, ములుగు అడవులను ఎఱిగినవారికి ఆ చిత్రము కలిగించు క్లేశము వేరు. దానిని గూర్చి ప్రత్యేకముగా వ్రాయవలసియున్నది.

మరల 'నారప్ప'కు వత్తము. చంపబడిన పండుసామి యింట ఏడ్చినవారెవరు? ఆ యింటివారు తెరమీద ప్రతీకారము కొరకే కనబడుదురు. కత్తులు, వెదకులాట, కుక్కలు, అంతే. కంసుని భార్యల విలాపమును వినిపించిన బమ్మెర కవికి ఉన్న వెడల్పు ఇచట లేదు. దుర్మార్గుని పక్షమున జాలిపడుమని నేను కోరుటలేదు. తాను చంపినవానికిని ఇల్లున్నదని తెలిసికొనిన నాడే ఆ బాలుని కథ సంపూర్ణమగును. చేయి నరుకబోయి ప్రాణము తీసిన చిదంబరం ఆ ఎనిమిది దినములలో దాని సమీపమునకు వచ్చినాడు. నారప్ప కొడుకు రాలేదు, రానీయలేదు. వానికి తండ్రిని గూర్చి తెలిసికొను పని చిత్రము పెట్టినది. తాను చేసినదానిని గూర్చి తెలిసికొను పని పెట్టలేదు.

చివరి ఉపదేశమును గూర్చి ఉపాధ్యాయులమైన మనము జాగ్రత్తగా మాటలాడవలయును. పొలమున్నచో లాగుకొందురు, సొమ్మున్నచో దోచుకొందురు, చదువును మాత్రము ఎవరును తీసికొనలేరని తండ్రి కొడుకునకు చెప్పును. చదువుకొని అధికారమునకు వచ్చినపుడు, వారు మనకు చేసినది నీవు ఇతరులకు చేయవద్దనియు చెప్పును. ఈ మాటలు తరగతిగదులలో విస్తారముగా ఉదహరింపబడినవి. మన వృత్తికి ఇంపైన మాటలు గనుక మనము వీనిని శీఘ్రముగా మెచ్చుకొంటిమి. మాట సత్యమే. తరతరములుగా అక్షరమునకు దూరముంచబడినవాని నోట వచ్చినందున దానికి బరువును గలదు. అయినను కథలో దాని స్థానమేమి? హత్య చేసిన బాలుడు బడికి పోవుటకు వీలుగా తండ్రి జైలునకు పోవును. కంసవధానంతరము సాందీపని గురుకులము వలె. కృష్ణునకు హత్యాభారము లేదు గనుక బడి సులభము. ఈ బాలుడు పలకముందు కూర్చున్నపుడు, అదే చేతితో అక్షరము దిద్దునపుడు, అతని కేమి తోచును? అది చెప్పవలసినచోట చిత్రము ముగిసినది.

న్యాయశాస్త్రదృష్టితోను ఒకమాట. 1986 నాటి బాలన్యాయ చట్టము పదునారేండ్లలోపు బాలురను, 2000 నాటి చట్టము పదునెనిమిదేండ్లలోపు వారినందరిని వేరుగా చూచినవి. 2015 చట్టము పదునారు, పదునెనిమిది ఏండ్ల నడుమనున్నవారు ఘోరనేరము చేసినట్లు ఆరోపణ వచ్చినచో, వారి మానసిక పరిపక్వతను పరీక్షించి, పెద్దలవలె విచారింపవచ్చునా యని నిర్ణయించు అధికారమును బాలన్యాయ మండలికి ఇచ్చినది. అనగా బాలుడు తానేమి చేయుచున్నాడో ఎంతవరకు ఎఱుగునన్న ప్రశ్నను శాసనమే అడుగుచున్నది. నవల ఆ ప్రశ్ననే మొదటి పుటలో అడిగినది. చిత్రము మాత్రము బాలుని న్యాయస్థానపు మెట్ల క్రిందనే నిలిపి, తండ్రిని లోనికి పంపినది. తండ్రి త్యాగము మనలను కంటతడి పెట్టించును. అదే సమయమున బాలునకు తన పని తనదని చెప్పుకొను అవకాశమును తీసివైచును. వంచిన వీపును చూచి సిగ్గుపడి కత్తి పట్టినవాడు, ఇప్పుడు మరల తండ్రి వీపునే చూచుచు నిలువవలసివచ్చినది.

పరిశోధక విద్యార్థులు ఈ మూడు రూపములను ప్రక్కప్రక్కన నుంచి చదువుదురుగాక. నవలను మొదట చదివినచో మంచిది. చిత్రమును ముందు చూచినవారికి నవలలో తండ్రి కొంత పలుచగా కనబడును. ఎర్రబోతు రాంరెడ్డి మొదలైనవారి వ్యాజ్యపు వృత్తాంతమును, జైలునుండి వెలువడినవారి స్మృతులను, వానితో 'జబ్ ఖేత్ జాగే' కథను పోల్చి చూచుటకు జనగామ ప్రాంతపు విద్యార్థులకంటె తగినవారు లేరు. కడవెండికి, పాలకుర్తికి పోయి, ఆనాటి పాటలలో చంపినవాని గొంతు ఎక్కడనైన వినబడునేమో వెదకవలయును. గొల్లసుద్దులలో, ఒగ్గుకథలలో, బుర్రకథలలో వీరుని తల్లి ఏడ్చును, చెల్లె లేడ్చును. కత్తిపట్టిన చేయి తనను గూర్చి తాను పలికిన చరణ మొక్కటి దొరికినను, పూమణి మొదటి పుట ప్రక్కన ఉంచదగినది మన భాషలోను ఉన్నట్లగును.